రైట్, రాంగ్, రిస్ట్, రెంచ్: ముందున్న ఆ పలకని డబ్ల్యూ సంగతేంటి?

స్పెల్లింగ్_సతాయింపు
డబ్ల్యూ, ఆర్ పక్కపక్కన పెట్టుకుని మొదలయ్యే ఇంగ్లీషు మాటలు ఎందుకున్నాయో నాకు అర్థం కాదు. రాయడమనే రైట్, తప్పు అనే రాంగ్, మణికట్టు అనే రిస్ట్, బట్టలు పిండే రింగ్, కుస్తీ అనే రెజిల్. డబ్ల్యూ ఒక్కడూ పలకడు, రాయకపోతే మాత్రం పిల్లాడికి మార్కు కట్. ఇప్పుడో ఫార్వర్డ్ తిరుగుతోంది: "ఈ మాటలన్నిటికీ పాత ఇంగ్లీషులో ఒకటే అర్థం, మెలితిప్పడం" అని. మణికట్టు తిరుగుతుంది, బట్ట మెలిపెట్టి పిండుతాం, అంతవరకు ఓకే. రాయడంలో మెలి ఎక్కడుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

నిఘంటుపురుగు
ముందు ఒక ఒప్పందం చేసుకుందాం, లేకపోతే ఈ చర్చ రెండో పేజీకే గందరగోళం అవుతుంది. తెలుగు లిపిలో "రైట్" అని రాస్తే అది రాయడమా, కుడివైపా, కర్మకాండా, పనివాడా తెలీదు. నాలుగూ ఒకేలా పలుకుతాయి. కాబట్టి పాత ఇంగ్లీషు రూపాలు "వ్ర"తో రాద్దాం, ఇప్పటివి "ర"తో. ఇది మన సౌకర్యం కోసమే కాదు, అప్పట్లో ఆ డబ్ల్యూ నిజంగానే పలికేవాళ్లు. రాయడం వ్రీటన్, పిండడం వ్రింగన్, మణికట్టు వ్రిస్ట్.

పాత ఇంగ్లీషంటే షేక్‌స్పియర్ కాదు. సుమారు 450 నుంచి 1100 దాకా ఇంగ్లండులో ఆంగ్లో-శాక్సన్లు మాట్లాడిన భాష.

ఫార్వర్డ్ సంగతి: సగం నిజం. మెలిక గుంపు పెద్దదే, కానీ "అన్నిటికీ" అన్న చోటే పప్పులో కాలేసింది.

అమ్‌స్టర్‌డామ్_బాబాయ్
పలకడం మానేసింది ఇంగ్లీషువాళ్లే. ఇక్కడ డచ్చివాళ్లు ఇప్పటికీ మన వ్రలాగే శుభ్రంగా పలుకుతారు. వ్రింగెన్ అంటే పిండు, వ్రెకెన్ అంటే పగ తీర్చుకో, వ్రాట్ అంటే పులిపిరి. స్వీడిష్‌లో వ్రీద అంటే తిప్పు. అంతెందుకు, స్కాట్లండ్ ఈశాన్య మూల పాత యాసలో రాంగ్‌ని వ్రాంగ్ అనే అంటారు.

బెజవాడ_బుల్లోడు
పులిపిరి ఇంగ్లీషులో వార్ట్ కదా, వ్రాట్ ఎలా అయింది బాబాయ్?

అమ్‌స్టర్‌డామ్_బాబాయ్
ర అచ్చు ముందుకో వెనక్కో గెంతడం ఆ భాషల్లో మామూలే. పాత ఇంగ్లీషులో వెయార్టే, డచ్చిలో వ్రాట్. అలాగే ఇప్పటి బర్డ్ అప్పట్లో బ్రిడ్, థర్డ్ అప్పట్లో థ్రిద్దా.

నిఘంటుపురుగు
ఆ గెంతడం గురించి తర్వాత చాలా అవసరం పడుతుంది, గుర్తుపెట్టుకోండి. ముందు మెలిక గుంపు తేలుద్దాం.

వ్రింగన్: మెలిపెట్టి పిండడం. జర్మన్‌లో ఇదే మాట రింగెన్, అర్థం మాత్రం కుస్తీ పట్టడం. అక్కడా డబ్ల్యూ రాలిపోయింది, రాతలో కూడా.
వ్రీథన్: మెలితిరగడం, చుట్టడం. ఇప్పటి రైద్. పూలు, ఆకులు చుట్టి కట్టే రీత్ కూడా దీని పిల్లే.
వ్రాథ్: కోపంగా ఉన్న, శత్రుత్వం పూనిన. లోపల మెలిపడినవాడు అని అసలు భావం. ఇప్పటి రాత్ (ఆగ్రహం) ఈ ఇంటిదే.
వ్రేస్టన్: గట్టిగా తిప్పి లాక్కోవడం. అదే పని పదేపదే చేస్తే వ్రేస్ట్లియన్, అదే రెజిల్. మధ్యలో పలకని "టీ" కూడా అక్కడినుంచే వచ్చింది.
వ్రెంచన్: తిప్పడం, మెలేయడం.
యెవ్రింక్లోడ్: వంకరలు పోయిన, ముడతలు పడిన. రింకిల్ దీన్నుంచే.

వ్రిస్ట్ అంటే "తిరిగే కీలు". స్వీడిష్‌లో వ్రిస్ట్ అంటే పాదం మీద భాగం, జర్మన్ రిస్ట్ కూడా అంతే. అక్కడ కాలికి పెట్టిన పేరు ఇంగ్లీషులో చేతికి దక్కింది.

పానా_రాజు
షాపులో రోజూ పట్టుకునే పైపు రెంచి కూడా ఇదేనా?

నిఘంటుపురుగు
మాట అదే, పనిముట్టు అర్థం మాత్రం కొత్తది, 18వ శతాబ్దం చివర్లో వచ్చింది. పాత ఇంగ్లీషులో వ్రెంచ్ అనే నామవాచకానికి అర్థం మోసం, జిత్తు. మాట మెలేసి జనాన్ని బోల్తా కొట్టించడం అన్నమాట.

పానా_రాజు
అయితే రెంచి పట్టుకున్న ప్రతివాడూ మోసగాడే అని మా కస్టమర్లకి చెప్పకండి 😅

రాత్రిపూట_రావుగారు
రాంగ్ గురించి ఎవరూ అనలేదు. ఇది నేరుగా పాత ఇంగ్లీషు సొత్తు కాదు. వైకింగుల భాష నార్స్ నుంచి, పాత ఇంగ్లీషు ఆఖరి రోజుల్లో వ్రంగ్‌గా వచ్చి చేరింది. అర్థం వంకర. దానికి ఎదురుగా నిలబడ్డ రిహ్త్ (ఇప్పటి "సరైన" రైట్) అర్థం తిన్నని, నిటారైన. తప్పొప్పులంటే వాళ్లకి వంకర, తిన్నన. మనమూ "బుద్ధి తిన్నగా లేదు" అనే అంటాం. సంస్కృతంలో వృజినం అన్నా ఇంతే, వంకర అనీ పాపం అనీ రెండర్థాలు.

ఇందులో తమాషా ఏంటంటే, మాటని అప్పిచ్చిన నార్స్‌వాళ్లలోనే పడమటివాళ్లు ఆ వ్ వదిలేశారు. ఐస్‌లండ్‌లో ఇప్పుడది రంగూర్. అప్పు తీసుకున్నవాడు మాత్రం ఇప్పటికీ డబ్ల్యూ రాస్తున్నాడు.

స్పెల్లింగ్_సతాయింపు
సరే, ఇన్ని మెలికలు ఒప్పుకున్నా. నా అసలు ప్రశ్న అలాగే ఉంది. రాయడం?

తెలుగే_మూలం
దీనికింత ఆలోచన దేనికండీ? మన "వ్రాయు", వాళ్ల "వ్రీటన్". వ్ర అదే, అర్థం అదే. మన దగ్గర్నుంచే వెళ్లింది. ఇది అందరికీ తెలిసిన విషయమే.

బెజవాడ_బుల్లోడు
వచ్చేసింది. ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా 🍿

కృష్ణాతీరం
"తెలుగే_మూలం" గారూ, పోలిక చూడముచ్చటగా ఉంది, చుట్టరికం మాత్రం లేదు. రెండు మాటల్నీ వెనక్కి తీసుకెళ్తే విడిపోతాయి.

మన వ్రాయుకి అన్నదమ్ములు తమిళంలో వరై (గీయు, రాయు), కన్నడంలో బరె. అంటే మొదట్లో వ తర్వాత అచ్చు ఉంది, ర ఆ తర్వాత ఉంది. తెలుగులో ర ముందుకు జరిగి వ్ అంటుకుంది. వరై వైపు నుంచి వ్రాయ్ వచ్చింది. ఇది ఈ ఒక్క మాటకే కాదు, వరసగా జరిగింది: తమిళం విరల్, తెలుగు వ్రేలు. తమిళం మరం, తెలుగు మ్రాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ వర్ణవ్యత్యయాన్ని (ధ్వనులు చోటు మారడాన్ని) సూత్రబద్ధంగా చూపించారు.

వ్రీటన్ చుట్టాలేమో జర్మన్ రైసెన్ (చింపు), రిట్సెన్ (గీరు). వాళ్ల వ్ర మొదట్నుంచీ వ్ర. మనది తర్వాత పుట్టిన వ్ర. పక్కపక్కన నిలబెడితే కవలల్లా ఉన్నారు, రక్తసంబంధం లేదు.

తెలుగే_మూలం
గీయడం, గీరడం ఒకటే కదా మరి?

కృష్ణాతీరం
అర్థం కలవడం ఆశ్చర్యమేం కాదు. రాత పుట్టిన ప్రతిచోటా గీరడమో చెక్కడమో ముందు ఉంటుంది, మనం తాటాకు మీద గంటంతో చేసింది అదే. చుట్టరికం తేల్చాల్సింది ధ్వనుల వరస, ఒక్క మాట కాదు. మీరు చెప్పినట్టయితే వ్రేలుకీ మ్రానుకీ కూడా ఇంగ్లీషులో జోడీ దొరకాలి.

నిఘంటుపురుగు
+1. వ్రీటన్ అర్థం మెలిక కాదు, గీరడం, కోయడం, చెక్కడం. దీనికి బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు వీరకావ్యంలోనే రెండు మంచి సాక్ష్యాలు ఉన్నాయి.

ఒకటి, గ్రెండెల్ అనే రాక్షసుడి తల్లి ఉండే మడుగు అడుగునుంచి కథానాయకుడు బేవుల్ఫ్ తెచ్చిన కత్తి పిడి. రాజు హ్రోత్‌గార్ దాన్ని తిప్పి చూస్తాడు. దాని మీద పురాతన కలహం మొదలైన వైనం "వ్రిటెన్" అయి ఉంటుంది. అది సిరాతో రాసింది కాదు, బంగారం మీద చెక్కింది.

రెండోది ఇంకా బాగుంటుంది. చివర్లో డ్రాగన్‌తో పోరులో బేవుల్ఫ్ మొలలోని చాకు దూసి పామును నడుముకాడ రెండుగా కోస్తాడు. అక్కడి క్రియ ఫోర్‌వ్రాట్. ఇప్పటి మాటల్లోకి అక్షరాలా మారిస్తే "డ్రాగన్‌ని అడ్డంగా రాసేశాడు".

బెజవాడ_బుల్లోడు
"నీ తలరాత నేనే రాస్తా" అనే విలన్లు పాత ఇంగ్లీషు చదివారేమో.

హైకోర్టు_మెట్లు
రిట్ పిటిషన్‌లో రిట్ కూడా ఇదేనా? రోజూ ఫైల్ చేస్తాం కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు.

నిఘంటుపురుగు
అదే. పాత రూపం యెవ్రిట్, రాసినది అని అర్థం. ఆంగ్లో-శాక్సన్ రాజులు ముద్ర వేసి పంపిన చిన్న ఆజ్ఞాపత్రాల్ని చరిత్రకారులు ఈ పేరుతోనే పిలుస్తారు. మన రాజ్యాంగం 32, 226 అధికరణాల్లో చెప్పిన ఐదు రిట్లు చూడండి: హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్, సెర్షియోరరీ, క్వో వారంటో. ఐదు పేర్లూ లాటిన్ పుట్టుకవే, ఐదింటినీ మోసే గంప ఒక్కటే అచ్చ ఇంగ్లీషు.

రాత్రిపూట_రావుగారు
ఇంకో చిత్రం. చుట్టుపక్కల భాషలన్నీ రాయడానికి లాటిన్ మాట తెచ్చుకున్నాయి. జర్మన్ ష్రైబెన్, డచ్చి స్ఖ్రైవెన్, రెండూ లాటిన్ స్క్రీబెరె పిల్లలు. గీరే మాటనే పట్టుకుని కూర్చుంది ఇంగ్లీషు.

చీరాల_చిన్నది
మరి రెచ్ (దౌర్భాగ్యుడు), రెక్ (పగిలిన ఓడ), రీక్ (పగ తీర్చుకోవడం) ఏ గుంపు? మెలికా, గీరడమా?

నిఘంటుపురుగు
రెండూ కాదు. మూడో గుంపు. తల్లి మాట వ్రెకన్: తరమడం, వెళ్లగొట్టడం, దాన్నుంచి పగ తీర్చడం. ఊరి నుంచి తరిమేయబడ్డవాడు వ్రెచ్చా. ఆ రోజుల్లో దొరా, బంధువులూ లేనివాడికి దిక్కు లేదు, అందుకే "దేశబహిష్కృతుడు" కాస్తా "దీనుడు" అయ్యాడు, చివరికి "నీచుడు" కూడా.

ఓడ రెక్ కొంచెం చుట్టు తిరిగింది. అదే ధాతువు నార్స్‌లోంచి నార్మన్ల ఫ్రెంచిలోకి వెళ్లి, ఇంగ్లీషుకి తిరిగొచ్చింది. సముద్రం ఒడ్డుకు తరిమేసిన సరుకు అని మొదటి అర్థం.

అమ్‌స్టర్‌డామ్_బాబాయ్
వ్రెచ్చాకి జర్మన్ తమ్ముడు ఉన్నాడు. రెక్కె. అక్కడ అర్థం వీరుడు!

చీరాల_చిన్నది
ఒకే మాట ఒకచోట దౌర్భాగ్యుడు, ఇంకోచోట వీరుడా? నమ్మబుద్ధి కావడం లేదు.

రాత్రిపూట_రావుగారు
నమ్మొచ్చమ్మా. ఊరు వదిలి పరాయి రాజుల దగ్గర కత్తి తిప్పుకుంటూ బతికేవాడు రెండూ అవుతాడు, ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి. బేవుల్ఫ్‌లోనే డ్రాగన్‌ని చంపిన సిగెముండ్‌ని "వ్రెచ్చాలందరిలోకీ పేరుపడ్డవాడు" అని పొగుడుతారు. అక్కడ దీనుడు అని అనువదిస్తే వాక్యం కుప్పకూలుతుంది. అనువాదం చేసేవాళ్లు తరచుగా కాలుజారే చోటు ఇది.

పానా_రాజు
గేట్లకి వాడే రాట్ ఐరన్‌లో కూడా డబ్ల్యూ-ఆర్ ఉంది. ఇనుప చువ్వ వేడిచేసి మెలితిప్పి డిజైన్ చేస్తాం. ఇది మాత్రం ఖాయంగా మెలిక గుంపే.

నిఘంటుపురుగు
చేసేది మెలిక, మాట మాత్రం కాదు 🙂 బాబాయ్ చెప్పిన ర గెంతడం ఇక్కడ పనికొస్తుంది. రాట్ అంటే "పనిచేసి తయారుచేసిన". ఇది వర్క్‌కి పాత భూతకాలం. పాత రూపం వోర్హ్తె, యెవోర్హ్త్. వో-ర్ కాస్తా తర్వాత వ్రో అయింది. అచ్చులో పోసిన కాస్ట్ ఐరన్‌కి వ్యతిరేకంగా, సుత్తితో కొట్టి పనిచేసిన ఇనుము అని.

పనివాడు అనే రైట్ కూడా ఇంతే. విర్హ్తా లేదా వ్రిహ్తా, పాత రాతల్లోనే రెండూ కనిపిస్తాయి. బండ్లు చేసేవాడు కార్ట్‌రైట్, చక్రాలు చేసేవాడు వీల్‌రైట్, ఓడలు కట్టేవాడు షిప్‌రైట్. నాటకాలు రాసే ప్లేరైట్‌లో కూడా ఉన్నది ఈ పనివాడే, రాయడం కాదు. అందుకే దాని స్పెల్లింగ్‌లో జి-హెచ్ ఉంటుంది.

స్పెల్లింగ్_సతాయింపు
ఇది బంగారం. పిల్లలు ప్లేరైట్‌ని ప్రతిసారీ రాయడం స్పెల్లింగ్‌తోనే రాస్తారు.

కృష్ణాతీరం
చూశారా, విర్హ్తా నుంచి వ్రిహ్తా, వరై వైపు నుంచి వ్రాయు. పద్ధతి ఒకటే, ఎవరి ఇంట్లో వాళ్లకి విడివిడిగా జరిగింది. ఆ తర్వాతి కథా కలిసింది: వాళ్ల వ్రీటన్‌లో వ్ పోయి రైట్, మన వ్రాయులో వ్ పోయి రాయు. కాకపోతే మనం రాతలోంచి కూడా తీసేశాం.

గోదారి_గట్టు
మా పెద్ద పంతుళ్లు ఇంకా తీయలేదు. "వ్రాత" అని రాయకపోతే ఎర్ర సిరా పడేది. కానీ వ్రేలులో ర పోయి వేలు అయింది, వ్రాయులో వ పోయి రాయు అయిందే. ఎందుకలా?

కృష్ణాతీరం
మామూలు దారి ర పోవడమే. క్రొత్త కొత్త, ప్రాత పాత, మ్రింగు మింగు, గ్రుడ్డు గుడ్డు. రాయు ఆ దారి తప్పింది, దీన్ని విడిగానే చెప్పుకోవాలి.

హైకోర్టు_మెట్లు
ఇంగ్లీషువాళ్లు డబ్ల్యూ పలకడం ఎప్పుడు మానేశారు మరి?

రాత్రిపూట_రావుగారు
15వ శతాబ్దం మధ్యలో సడలడం మొదలై, 17వ శతాబ్దానికి లండన్ మాటలో పూర్తిగా పోయింది. ఇంగ్లండులో మొదటి ముద్రాపకుడు కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టింది 1476లో. అంటే చాలామంది నోట్లో డబ్ల్యూ ఇంకా ఉండగానే స్పెల్లింగు అచ్చులో బిగుసుకుపోవడం మొదలైంది. నైఫ్ (చాకు), నీ (మోకాలు) అనే మాటల ముందున్న కె కథా ఇంచుమించు ఇదే.

అదృష్టవంతులు మాత్రం ముందే తప్పుకున్నారు. పాత ఇంగ్లీషులో వ్ల కూడా ఉండేది: వ్లిటిగ్ అంటే అందమైన, వ్లంక్ అంటే గర్విష్ఠి. ఆ వ్ అచ్చుయంత్రానికి ముందే పోయింది కాబట్టి, నత్తిగా పలకడమనే లిస్ప్‌కి ఇవాళ డబ్ల్యూ బెడద లేదు. గంట మోగే రింగ్‌కీ, వేలి ఉంగరం రింగ్‌కీ ముందు హ్ ఉండేది, హ్రింగన్, హ్రింగ్. అదీ ముందే రాలిపోయింది. పిండే రింగ్ ఒక్కటే ఇరుక్కుంది.

చీరాల_చిన్నది
రెక్‌లెస్ డ్రైవింగ్‌లో రెక్ కూడా ఓడ రెక్కేనా? చాలామంది డబ్ల్యూ పెట్టి రాస్తారు.

నిఘంటుపురుగు
కాదు, అక్కడ డబ్ల్యూ పెడితే తప్పు. రెచ్చెలేయస్, పట్టింపు లేనివాడు. ఎప్పుడూ డబ్ల్యూ లేదు. బండి రెక్ అయ్యేది దానివల్లే అయినా సరే 🙂

అమ్‌స్టర్‌డామ్_బాబాయ్
ఇంత వేరుచేశాక కూడా నాదొక మాట. భాషావేత్త జె. ఆర్. ఫర్త్ 1930లో ఫోనెస్థీమ్ అనే పేరు పెట్టాడు, ఒకే ధ్వనుల గుంపు ఒకే రకం భావాన్ని లాగడం. వ్ర విషయంలో అది పనిచేసింది. రిగిల్ (మెలికలు తిరగడం) తర్వాత కాలంలో లో-జర్మన్ (ఉత్తర జర్మనీ వైపు భాష) నుంచి వచ్చింది, ర్యాంగిల్ (పేచీ) కూడా అటునుంచే. ర్యాప్ (చుట్టడం) 14వ శతాబ్దంలో ఊడిపడింది, పుట్టుక తేలలేదు. ఇవన్నీ మెలిక గుంపులోనే వచ్చి కూర్చున్నాయి. కాబట్టి ఫార్వర్డ్‌ని మరీ తీసిపారేయకండి.

నిఘంటుపురుగు
లాగింది, ఒప్పుకుంటా. కానీ "పాత ఇంగ్లీషులో" అని ఫార్వర్డ్ అన్నది. పాత ఇంగ్లీషు నిఘంటువులో రిగిల్ కోసం వెతికితే దొరకదు, ర్యాప్ కూడా దొరకదు. తర్వాత వచ్చి చేరినవాటిని చూపించి మొదట్నుంచీ అంతే అంటే కుదరదు.

గోదారి_గట్టు
వెతకడం ఎలాగో కూడా చెప్పండి. బాస్వర్త్-టాలర్ పాత ఇంగ్లీషు నిఘంటువు తెరిచాను, యెవ్రిట్ ఎక్కడా లేదు.

నిఘంటుపురుగు
"యె" అని పలికేది రాతలో జి-ఇ. బాస్వర్త్-టాలర్ 1898 అచ్చుప్రతిలో ఆ ముందుచేర్పుతో సహా జి కింద వెతకాలి. క్లార్క్ హాల్ నిఘంటువైతే ఆ చేర్పు తీసేసి డబ్ల్యూ కిందే చూడాలి. క్రియలు చాలావరకు "అన్" అంతంతో ఉంటాయి. వ్రీథన్‌లోని "థ" టీ తర్వాత వచ్చే వేరే అక్షరం, అందుకే అది వ్రీటన్ తర్వాతే వస్తుంది. వ్ర దగ్గర దొరక్కపోతే విర్, వోర్ దగ్గర చూడండి, ర గెంతి ఉంటుంది.

ఇంకోటి, క్రియ భూతకాలం రెండు రకాలు. నేను వ్రాట్, మేము వ్రిటన్. ఇప్పటి రోట్ మొదటిదాన్నుంచి వచ్చింది. దీర్ఘం "ఆ" అంతా "ఓ" అయింది, స్టాన్ స్టోన్ అయినట్టు. పిండే క్రియకి నేను వ్రంగ్, మేము వ్రుంగన్. అక్కడ రెండో పక్క గెలిచింది, అందుకే రంగ్. ఫోర్‌వ్రాట్ లాంటి రూపం ఎదురైతే "ఆ" తీసి "ఈ" పెట్టి అన్ చేర్చండి, నిఘంటువు రూపం వస్తుంది.

రాత్రిపూట_రావుగారు
స్కాన్ చేసిన అసలు రాతప్రతులు చూసేవాళ్లకి ఒక హెచ్చరిక. వాటిలో డబ్ల్యూ కనిపించదు. దాని బదులు విన్ అనే అక్షరం ఉంటుంది, రూనిక్ అనే పాత జర్మానిక్ జాతుల చెక్కుడు లిపి నుంచి తెచ్చుకున్నది, చూడ్డానికి పి లాగే ఉంటుంది. పక్కనే "థ" పలికే థార్న్ ఉంటుంది, అదీ పి పోలికే. తేడా ఇలా పట్టుకోండి: థార్న్ నిలువు గీత పొట్టకి పైకి కూడా పొడుచుకొస్తుంది, విన్‌కి పైకి రాదు. విన్ పొట్ట పి కంటే సన్నగా, కోసుగా కిందికి దిగుతుంది. కొత్తవాళ్లు వ్రీటన్‌ని "ప్రిటన్" అని చదివి నిఘంటువులో పి కింద గంటలు తవ్వుతారు. 1300 నాటికి విన్ దాదాపు కనుమరుగైంది, నార్మన్ల తర్వాత జంట-యు దాని చోటు ఆక్రమించింది.

బెజవాడ_బుల్లోడు
రాస్ అనే చేప ఉంది, డబ్ల్యూ-ఆర్‌తోనే. అది ఏ గుంపు? మెలికా, గీరుడా, తరుముడా, గెంతుడా?

అమ్‌స్టర్‌డామ్_బాబాయ్
ఏదీ కాదు. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ భాష కార్నిష్ నుంచి వచ్చింది, కెల్టిక్ మాట.

బెజవాడ_బుల్లోడు
రెన్ పిట్ట?

నిఘంటుపురుగు
వ్రెన్నా, వేర్నా అని రెండు రూపాలు, ర మళ్లీ గెంతింది. మొదటి అర్థం తేలలేదు. దాన్ని ఏ గుంపులోనూ కలపకండి.

స్పెల్లింగ్_సతాయింపు
ఆ ఫార్వర్డ్ వచ్చిన గ్రూపులో ఈ లింకు పెట్టాను. అడ్మిన్ "రైట్" అని జవాబిచ్చాడు. నాలుగింట్లో ఏదో అడిగాను, ఇంకా చెప్పలేదు.